వెలుగు బాకీ

డాలస్‌లోని మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచుతున్నాను. సముద్రంలో బతకాల్సిన ప్రాణిని గాజుగోడల మధ్య పెట్టుకునే హక్కు మనిషికి ఉందా? లేదనే నా నమ్మకం. పెట్టుకున్నాక మిగిలేది బాకీ ఒక్కటే.

పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు కాంతితో ఆహారం తయారుచేసి దానికీ పెడతాయి. అందుకే టీ5 ఫ్లోరసెంట్ ట్యూబుల్లో 10,000 కెల్విన్ తెల్లవి, 420 నానోమీటర్ల దగ్గర వెలిగే నీలి ఆక్టినిక్‌లు కలిపి బిగించాను. నెలలు గడిచేకొద్దీ ట్యూబు మన కంటికి ఆనకుండానే మందగిస్తుంది. ఆ లోటు పగడానికి తగులుతుంది. ట్యూబులన్నీ ఒకేసారి మారిస్తే వెలుగు ఎక్కువై, శైవలాలు పోయి పగడం తెల్లబడిపోవచ్చు. కనుక వారాల ఎడంతో ఒక్కొక్కటే మారుస్తాను.

నోరులేని జీవి అడగదు, కృతజ్ఞత చెప్పదు. ఫలాపేక్ష లేని కర్మ అంటే నాకు ఇదే. దయ కలిగితే చాలదు, ఎదుటి ప్రాణికి ఎంత కావాలో తెలుసుకుని అంతే ఇవ్వడం ధర్మం.