పోయిన నిమిషముల లెక్క

ఫుట్‌బాల్ ఆటకు నిర్ణయింపబడిన కాలము 90 నిమిషములు. 45 చొప్పున రెండు భాగములు. అయితే బంతి హద్దు దాటినను, ఆటగాడు దెబ్బ తగిలి పడిపోయినను గడియారము ఆగదు. బాస్కెట్‌బాల్‌లోనైతే గడియారమును ఆపుదురు, అది అందరికిని కనబడును. ఇక్కడ మాత్రము గాయములకు, ఆటగాండ్ర మార్పులకు, గోలు కొట్టినవారి సంబరములకు, కావలెనని చేసిన ఆలస్యమునకు పోయిన కాలమును రెఫరీ తానే లెక్కించి, ప్రతి భాగము చివర తిరిగి చేర్చవలెను. ఒక్క మనుష్యుని చేతిలోనున్న ఈ కొలత న్యాయమైనదగుట ఎట్లు? ఆటలు మనకెందుకని చదువరులు అనుకొనవద్దు. ప్రశ్న ఆటను గూర్చినది కాదు, కొలతను గూర్చినది.

ఈ నియమము పుట్టుటకు కారణముగా ఒక పాత సంగతి చెప్పుదురు. 1891లో ఇంగ్లండులో స్టోక్, ఆస్టన్ విల్లా జట్లు ఆడుచుండగా, ఒక గోలు వెనుకబడియున్న స్టోక్‌కు చివరి నిమిషములలో పెనాల్టీ దొరకెను. విల్లా గోల్‌కీపరు బంతిని మైదానము వెలుపలికి తన్నివేసెను. దానిని వెదకి తెచ్చులోగా కాలము తీరిపోయెను. గడియారము ఏమియు తప్పు నడువలేదు. అయినను స్టోక్‌కు అన్యాయము జరిగినదని చిన్నపిల్లవాడు సైతము చెప్పగలడు.

1978 ప్రపంచ కప్పులో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో బ్రెజిల్, స్వీడన్ జట్లు 1-1గా నుండగా బ్రెజిల్‌కు కార్నరు లభించెను. బంతి గాలిలో నుండగానే వేల్సు దేశపు రెఫరీ క్లైవ్ థామస్ ముగింపు ఈల ఊదెను. జీకో తలతో కొట్టిన బంతి వలలో పడెను గాని అది గోలు కాలేదు. ఆ రెఫరీ పక్షపాతి అని నేననను. కాలము తీరినదనుటయు నిజమే కావచ్చును. కాని కార్నరు తన్నుటకు సెలవిచ్చి, బంతి నేలకు దిగకముందే ఆట ముగించుట, అన్నము వడ్డించి ఆకు లాగివేయుట వంటిది.

ఇప్పటి నియమము ప్రకారము చివర చూపబడు అంకె కనీసపు కొలత మాత్రమే. దానిని రెఫరీ పెంచవచ్చును, తగ్గింపరాదు. 2009 సెప్టెంబరులో మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీ ఆడినప్పుడు 4 నిమిషములు చూపిరి. మైకేల్ ఓవెన్ 6వ నిమిషములో గోలు కొట్టగా యునైటెడ్ 4-3తో గెలిచెను. యునైటెడ్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ పేరు మీద “ఫెర్గీ టైము” అను ఎగతాళి మాట అంతకు ముందే జనుల నోట నుండెను. నిజమునకు 90వ నిమిషములో సిటీ గోలు కొట్టి సంబరపడుటలోను కొంత కాలము పోయినది. లెక్క సరియైనదే కావచ్చును. అయినను ఓడినవాడు నమ్మడు. లెక్క అతని కంటికి కనబడలేదు గదా.

అతని అనుమానము ఉత్త అనుమానమేనా? స్పెయిను లీగు ఆటలను పరిశీలించి ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు 2005లో ఒక పరిశోధన ప్రకటించిరి. సొంత మైదానపు జట్టు ఒక్క గోలు వెనుకబడినప్పుడు రెఫరీలు ఎక్కువ కాలమును, ఒక్క గోలు ముందున్నప్పుడు తక్కువ కాలమును చేర్చిరని అందులో తేలెను. ఇందుకు లంచము అక్కరలేదు. చుట్టునున్న జనుల కేక చాలును. సంచిలో హెచ్చుతగ్గులుగల రెండు తూనికరాళ్లు ఉండరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. ఈ రెఫరీ సంచిలో నున్నది ఒక్క రాయే. అతడు చేత పట్టినప్పుడెల్లను, అతనికి తెలియకుండనే, దాని బరువు మారుచున్నది. ఇది మొదటి పాపముకంటె భయంకరమైనదని నాకు తోచుచున్నది. ఏలయనగా ఇట్టివాడు తన్ను తాను నీతిమంతుడనియే తలంచును.

1999లో బార్సిలోనాలో జరిగిన ఐరోపా ఫైనలులో 3 నిమిషములు చేర్చగా, అంతవరకు ముందున్న బాయెర్న్ మ్యూనిక్ ఆ కొద్ది కాలములో రెండు గోల్స్ ఇచ్చి ఓడిపోయెను. నాటి రెఫరీ పియర్లూయిజీ కొల్లీనాయే 2022 కతార్ ప్రపంచ కప్పులో రెఫరీల పెద్దగా నుండి, పోయిన ప్రతి నిమిషమును లెక్కించి చేర్చుడని హెచ్చరించెను. ఇంగ్లండు, ఇరాన్ ఆటలో ఇరాన్ గోల్‌కీపరు తలకు దెబ్బ తగిలినందున మొదటి భాగమునకే 14 నిమిషములు చూపిరి, రెండవ దానికి 10. ఆటగాండ్ర కాళ్లు అలసిపోవునని అనేకులు అప్పటినుండి మొఱ్ఱపెట్టుచున్నారు. ఆ మొఱ్ఱ న్యాయమైనదే. కాని దానికి మందు ఆటల సంఖ్యను తగ్గించుట గాని, లెక్కను దాచుట కాదు.

ఇక దయ సంగతి. ఒక జట్టు చిత్తుగా ఓడుచున్నప్పుడు త్వరగా ఈల ఊది ముగించుట మంచిదని కొందరందురు. అదే ఆటలో ఇరాన్ 6-1తో వెనుకబడియుండి, రెండవ భాగమున చేర్చిన కాలములో 13వ నిమిషమున ఒక పెనాల్టీ గోలు కొట్టెను. జాలిపడి ముగించియుంటే వారికది దక్కెడిది కాదు.

మరియు ఆ నిమిషములలో మైదానమందు లేనివారికిని పాలుండవచ్చును. 2022 నవంబరు 30న లుసైల్‌లో మెక్సికో సౌదీ అరేబియాపై 2-0 ముందుండెను. అదే వేళ దోహాలోని వేరొక మైదానములో పోలండు అర్జెంటీనా చేతిలో 2-0 ఓడుచుండెను. పోలండు, మెక్సికోలకు పాయింట్లు సమానము, గోల్స్ లెక్కయు సమానము. పసుపు కార్డులు తక్కువ గనుక మాత్రమే పోలండు ముందుండెను. మెక్సికో ఇంకొక్క గోలు కొట్టిన పోలండు ఇంటికి పోవలసినదే. లుసైల్‌లోని రెఫరీ నాలుగు నిమిషములకే ఈల ఊదియుంటే పోలండు వారు సంతోషించియుందురు; మెక్సికోవారు దోచుకొనబడితిమని ఏడ్చియుందురు. అతడు ఊదలేదు. చేర్చిన కాలములో 5వ నిమిషమున గోలు పడెను. కొట్టినది సౌదీ ఆటగాడు సలేమ్ అల్ దవ్సారీ.