ప్రసాద దృష్టి – దేహభారము

దాసోహ పంక్తిలో కూర్చున్న ఒక వృద్ధుడు విస్తరిపై చేయి అడ్డము పెట్టి "చాలప్పా, చాలు" అనును. వడ్డించు యువకుడు "అట్లంటే ఎట్ల తాతా, ఇంకొక్క ఓళిగ" అని చేతి సందునుండి విస్తరిలోనికి జారవిడుచును. విస్తరిలో పడినది ప్రసాదము, ప్రసాదమును విడువరాదు. వృద్ధునకు మధుమేహము కలదు. అయినను కన్నులు మూసికొని ఆరగించును. ఇంటికి పోయి, కోడలికి చెప్పుటకు మొగమాటపడి, ఆయాసముతో పడుకొనును.

నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను, చుట్టుప్రక్కల గ్రామములలోను ఇట్టి దృశ్యము చూడనివారుండరు. ఇందులో తప్పెవరిది? వడ్డించినవానిది ప్రేమ. తినినవానిది భక్తి. రెండును మంచివే. రెండు మంచి గుణములు కలిసి ఒక దేహమునకు కీడు చేసినవన్నచో, ఆ రెంటి నడుమ ఏదో ఒక వివేకము లోపించి యుండవలెను. ఆ వివేకమేదో విచారించుట అవసరము.

దేహభారమును తగ్గించుకొనవలెనను కోరికను కొందరు చిన్నచూపు చూచుదురు. నశించు దేహముపై అంత మమకారమేల అని వారి వాదము. మరికొందరు దేహమును కేవలము ప్రదర్శన వస్తువుగా ఎంచి, ఒక నెలలో పది కిలోలు తగ్గవలెనని ఆరాటపడుదురు. శరణమార్గము ఈ రెంటిని అంగీకరింపదు. బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా బోధించెను. ఇష్టలింగమును ధరించిన దేహము అలంకారమునకు కాదు, అలక్ష్యమునకును కాదు. దేవాలయమున చెత్త నింపుట ఎంత అపచారమో, దానిని పాడుపెట్టుట అంతే అపచారము. కాయకమునకు చేతులు, కాళ్లు, ఊపిరి కావలెను. మోకాళ్లు మొరాయించి, నాలుగు మెట్లెక్కినంతనే రొప్పువాడు ఇతరులకు సేవ చేయుటకు బదులు ఇతరుల సేవ పొందవలసివచ్చును. కనుక దేహమును తగు ప్రమాణములో ఉంచుకొనుట సౌందర్య విషయము కాదు, ధర్మ విషయము.

ఈ సీమలో ఈ సమస్య ఎట్లు వచ్చినదో చూడవలెను. నల్లమల, ఎర్రమల కొండల నడుమ, కుందూ నది పారు ఈ నేల నవనందుల నేల. బసవేశ్వరుని నందీశ్వరుని అవతారముగా తలచువారికి ఆ పేరే పవిత్రము. కె.సి. కాలువ క్రింది భూములలో వరి పండెను. మెట్ట గ్రామములలో జొన్న, కొర్ర పండెను. మెట్టవారికి వరియన్నము పండుగనాటి భోజనము. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించిన తరువాత వరియన్నము పేదవానికి కూడ నిత్యభోజనమయ్యెను. దానిని నిందించుట తగదు. అది ఎన్నో కడుపుల ఆకలిని తీర్చినది. కాని అన్నము పెరిగిన కాలముననే శ్రమ తగ్గినది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, కొడవలి పోయి కోతయంత్రము వచ్చినది. ఆళ్లగడ్డ శిల్పులు పూర్వము ఉలి సుత్తెలతో చేసిన పనిలో కొంత నేడు కోతయంత్రము చేయుచున్నది. అంగడికి పోవుటకు మోటారు సైకిలున్నది. నాగలి పట్టిన తాతగారి కంచములోని కొలత మాత్రము, కుర్చీలో కూర్చున్న మనుమని కంచములో మారక నిలిచినది. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఫలితమును దేశమంతట చూడవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దేశమున సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహము కలదనియు, మరి 13.6 కోట్ల మంది దాని వాకిట నున్నారనియు ఆ అంచనా. భారతీయులకు నడుము చుట్టుకొలత పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్తపడవలెనని వైద్యులు చెప్పుదురు. త్రాసు కంటె ఈ కొలత ముఖ్యము. దీనికి ఒక టేపు చాలును.

అవసరమున్నచోట వ్యాపారము పుట్టును. అమెరికాలో 1963లో జీన్ నైడెచ్ అను గృహిణి వెయిట్ వాచర్స్ సంస్థను స్థాపించెను. ఇరుగుపొరుగు స్త్రీలు కూడి ఒకరి కష్టము ఒకరు చెప్పుకొనుటతో మొదలైన ఆ పని ప్రపంచవ్యాప్తమైన వాణిజ్యమై, తుదకు 2025 మే నెలలో అప్పుల భారముతో దివాలా రక్షణ కోరవలసివచ్చెను. నేడు మన పట్టణములలోను పొడి డబ్బాలు, నెలసరి పథకములు, ఫోను ద్వారా సలహాలు అమ్ముచున్నారు. వీటివలన కొందరు బరువు తగ్గుదురనుట అసత్యము కాదు. కాని డబ్బా అయిపోయిన మరునాడు ఏమి తినవలెనో ఆ డబ్బా నేర్పదు. బరువు తిరిగి వచ్చినచో మరియొక డబ్బా కొనవలెను.

తెలుగునాట వేరు దారులను వెదకినవారును కలరు. 2017, 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణ బోధించిన కొవ్వు ప్రధానమైన ఆహారపద్ధతి ఇంటింట చర్చనీయమయ్యెను. మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ సిరిధాన్యములను ప్రచారము చేసి 2023లో పద్మశ్రీ పొందెను. పద్ధతి ఏదైనను మొదటి మూడు నెలలు ఉత్సాహమే నడిపించును. ఉత్సాహము తగ్గిన నాలుగవ నెలలో ఏది నడిపించునన్నదే అసలు ప్రశ్న.

దేహమును బలవంతముగా మాడ్చినచో ఏమగునో ఒక ప్రయోగము తెలిపినది. 1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు 24 వారములు అరకొర ఆహారమిచ్చెను. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది. దానితోపాటు ఉత్సాహము తగ్గినది, దేహము చలికి ఓర్వలేకపోయినది, మనస్సు అహోరాత్రములు అన్నమునే ధ్యానించినది. మాడ్చిన దేహము తన ఖర్చును తగ్గించుకొని, ఆకలిని పెంచుకొనును. కనుక కఠినోపవాసములతో బరువు తగ్గించి, తిరిగి పెరిగినందుకు తన్ను తాను దూషించుకొనువాడు అన్యాయముగా తన్ను శిక్షించుకొనుచున్నాడు. ఓడినది అతని సంకల్పము కాదు, అతడు ఎంచుకొన్న మార్గము.

ఈ మధ్య ఆకలిని తగ్గించు సూదిమందులు కూడ వచ్చినవి. 2025లో అవి మన దేశపు మందుల దుకాణములకు చేరినవి. వైద్యుడు అవసరమని చెప్పినవారికి అవి మేలు చేయవచ్చును. కాని సెమగ్లుటైడ్ అను మందుపై జరిగిన ఒక పరిశీలనలో, మందు మానిన ఏడాదిలో తగ్గిన బరువున మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు 2022లో ప్రకటించిరి. ఎంత గొప్ప మందైనను నిత్యజీవనము చేయవలసిన పనిని పూర్తిగా చేయజాలదు.

ఇచట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ స్మరింపదగినది. కళ్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది తమది కాదని చెప్పి, ఎచట తెచ్చెనో అచటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఈ కథను ధనలోభమునకు సంబంధించినదిగా చెప్పుట వాడుక. కాని అది బియ్యపు కథ కూడ. ఎంత దొరకునన్నది ఆమె కొలత కాదు, ఎంత కావలెనన్నదే కొలత. ఆ కొలత ఆమెకు ఎవరును అమ్మలేదు. ప్రతిదినము అదే పాత్రలో అంతే బియ్యము పోసి వండిన చేతికి కొలత దానంతట అదే తెలిసినది. నియమమనగా ఇదియే. పథకము బయటినుండి వచ్చును, గడువు తీరగనే పోవును. నియమము లోపల పెరుగును కనుక గడువు లేదు.

అయినచో ప్రసాదమును విడువరాదను ఆచారము మాట ఏమి? షట్స్థలములలో ప్రసాదిస్థలము మూడవది. ప్రసాదమును వ్యర్థపరచుట అపచారమనుటలో సందేహము లేదు. కాని వ్యర్థము విస్తరిలో విడుచుటవలననే కాదు, అవసరము లేని కడుపులో వేయుటవలనను జరుగును. విస్తరిలో మిగిలినది కంటికి కనబడును. దేహములో మిగిలినది నడుమున కనబడును. రెండును మిగులుటే. కావున ఆచారమును విడువనక్కరలేదు, దానిని ఒక అడుగు ముందుకు జరిపిన చాలును. తినునప్పుడు కాదు, స్వీకరించునప్పుడే మితము పాటింపవలెను. తక్కువ వడ్డించుకొని, ఒక్క మెతుకు విడువక ఆరగించినవాడే ఆచారమును నిండుగా పాటించినవాడు.

ఈ విషయమున గృహిణుల కష్టము ప్రత్యేకముగా చెప్పదగినది. పిల్లలు విడిచిన ముద్ద, గిన్నె అడుగున మిగిలిన పులుసన్నము, చల్లారిన దోసె పారవేయుటకు మనసురాక తల్లియే తినును. అందరికంటె చివర కూర్చుండి, తనకు ఆకలి ఎంతయో చూచుకొనక, పాత్రలో ఎంతయున్నదో చూచి తినును. ఆమె తిండిపోతు కాదు, ఇంటి పొదుపును తన దేహముపై మోయుచున్నది. ఇంటివారు ఆమెను లావైతివని హాస్యము చేయుట కృతఘ్నత. దానికి బదులు బియ్యము ఒక గిద్ద తక్కువ పోయుటయు, ఆమెతో కలిసి ఒకే వేళకు భోజనమునకు కూర్చుండుటయు ఆమెకు ఏ డబ్బా చేయని మేలు చేయును.

ఆచరణలో చేయదగినవి కొలదియే. చక్కెరతోనే మొదలుపెట్టవచ్చును. దినమునకు నాలుగు మార్లు టీ త్రాగువాడు ప్రతిమారు రెండు చెంచాల చక్కెర వేసికొన్నచో 40 గ్రాములగును, అనగా సుమారు 160 కిలోకాలరీలు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీలుండును. చక్కెర ఒక్కటి మానినచో, లెక్క ప్రకారము నెలన్నర పైబడి ఒక కిలో తగ్గవలెను. దేహము తేలికయిన కొలది ఖర్చు తగ్గును కనుక వాస్తవములో ఇంకను మెల్లగా తగ్గును. మెల్లగా తగ్గుటయే మేలు. వారమునకు అరకిలోకు మించి తొందరపడ పనిలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో కంచమున సగము కూరగాయలు, పండ్లు ఉండవలెనని కలదు. మన ఇండ్లలో అన్నము కొండవలెను, కూర గుట్టవలెను ఉండును. ఆ రెంటిని తారుమారు చేసిన చాలును. పప్పు, మజ్జిగ, ఆకుకూర మనకు కొత్తవి కావు. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రము నంద్యాల సోనా వరితోపాటు సూర్యనంది వంటి కొర్ర వంగడములను కూడ రైతుల కిచ్చినది. కొర్రన్నము, జొన్నరొట్టె పీచుగలవి, కడుపును ఎక్కువసేపు నింపి ఉంచును. అయినను కొర్రలు తినుచున్నామను ధైర్యముతో కొలత మరువరాదు. తూకమునకు తూకముగా కొర్రబియ్యపు శక్తి వరిబియ్యపు శక్తికంటె అంత తక్కువ కాదు. ధాన్యము మార్చుట కొలత తగ్గించుటకు సహాయము చేయును గాని కొలతకు బదులు కాదు.

ఇక నడక. ప్రతి ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల అడవిగుండ శ్రీశైలమునకు కాలినడకన పోవుదురు. ఆ యాత్రకు తలవంచనివారు లేరు. కాని ఏడాదికి ఒక యాత్రకంటె ప్రతిదినము అరగంట నడక దేహమునకు మేలు. ఇంటిపని, పొలముపని, మఠప్రాంగణము ఊడ్చుట కూడ కాయకమే, వ్యాయామమే. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు మాత్రము వైద్యుని అడుగకుండ ఉపవాసములు చేయరాదు. రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. గర్భిణులు, ఎదుగు పిల్లలు బరువు తగ్గుటకై ఆహారము మానరాదు.

ఒక హెచ్చరిక మిగిలియున్నది. మితము సద్గుణమైనంత మాత్రమున సన్ననివాడు సజ్జనుడు, లావైనవాడు లోభి అనుకొనుట మహాపరాధము. వంశము, వ్యాధి, మందులు, నిద్రలేమి, పేదరికము అన్నియు దేహమున వ్రాసిపోవును. చెన్నైకి చెందిన డాక్టరు రామచంద్రన్ బృందము 2006లో ప్రకటించిన అధ్యయనములో, ఆహారమును, నడకను సరిదిద్దుకొనినవారిలో మధుమేహము వచ్చు అవకాశము 28 శాతమునకు పైగా తగ్గెను. వారి బరువు మాత్రము చెప్పుకోదగినంత తగ్గలేదు. త్రాసు ముల్లు కదలకున్నను నియమము ఫలించెనన్నమాట. కనుక ఫలమును బరువులో మాత్రమే వెదకి నిరాశపడరాదు. కులమునుబట్టి మనిషిని తూచరాదని చాటిన శరణుల వారసులు, కిలోలనుబట్టి మనిషిని తూచుట తగునా?

తొలుత చెప్పిన పంక్తికి మరల వచ్చినచో, అచట మారవలసినది స్వల్పమే. మఠములలో దాసోహము చేయించువారు ఓళిగతోపాటు ఒక కూర అధికముగా చేయింపవచ్చును, కొర్రన్నము ఒక పాత్రలో ఉంచవచ్చును. వడ్డించువారికి "అడిగి వడ్డింపుము" అను ఒక్క మాట నేర్పవచ్చును. విస్తరిపై అడ్డము పెట్టిన చేతిని గౌరవించుట కూడ దాసోహమే. ఆ వృద్ధుడు "చాలప్పా" అన్నప్పుడు యువకుడు నిలిచి, "మంచిది తాతా, మజ్జిగ పోయనా?" అని అడిగినచో వడ్డించినవాని ప్రేమయు, ఆరగించినవాని భక్తియు చెడవు. వృద్ధుడు ఆయాసము లేక ఇంటికి నడచిపోవును. మరునాడు ఉదయము తన కాయకమునకు తానే లేచును.