వంగిపోయిన క్రొత్త రికార్డు

ధ్యాన భాగము: గలతీయులకు 6:1–2



గ్రామఫోను రికార్డు మన సంఘములకు పరాయిది కాదు. 1939లో జాయ్ రిడ్డర్‌హాఫ్ అను మిషనెరీ అమెరికాలో స్థాపించిన గాస్పెల్ రికార్డింగ్స్ వారు అనేక భాషలలో సువార్తను రికార్డులకెక్కించి, చదువురాని జనులకు వినిపించిరి. 1948లో వచ్చిన వినైలు రికార్డులు, నిమిషమునకు 33⅓ మారులు తిరుగునవి, నేటికిని తయారగుచున్నవి. పాత రికార్డు పాడైనదనిన వింత లేదు. క్రొత్తది కవరు విప్పగానే వంకరగానుండిన మనస్సు నొచ్చును.

ఈ వంకర ఎట్లు వచ్చును? వినైలు ముద్దను రెండు అచ్చుల నడుమ నుంచి, ఆవిరితో వేడిచేసి, మిక్కిలి బరువుతో నొక్కుదురు. పిమ్మట అచ్చులలో చన్నీళ్లు పారించి చల్లార్చుదురు. పూర్తిగా చల్లారకమునుపే త్వరపడి పైకి తీసినయెడల అది వంగును. ఎండలో నుంచినను, పైకవరు బిగిసి లాగినను వంగును. లోపము పాటలో లేదు. నిలకడకు రాకమునుపే విడిచిపెట్టుటలో నున్నది.

క్రొత్త విశ్వాసి సంగతియు ఇట్టిదే. ఆదివారమున బాప్తిస్మపు నీళ్లలోనుండి లేచినవాడు, సోమవారమున పాత స్నేహితులకును కల్లు దుకాణమునకును అప్పులవానికిని ఎదురుపడవలెను. వాక్యము నేర్పువారును, ఇంటికి వచ్చి ప్రార్థించువారును లేనియెడల కొలది నెలలలోనే వంకర కనబడును. అప్పుడు కొందరు, “వీనిని తీసివేయుడి” అందురు. మరికొందరు, “పదిమందిలో నిలువదీయుడి” అందురు.

రికార్డును చక్కచేయువారు ఈ రెండును చేయరు. దానిని రెండు చదునైన అద్దపు పలకల నడుమ నుంచి, కొద్దిపాటి వేడి తగిలించి, పైన బరువు పెట్టి, ఆ బరువు క్రిందనే మెల్లగా చల్లారనిత్తురు. తొందరపడి వేడి హెచ్చించినయెడల రికార్డు చదునైనను గాడులు చెడును. చూపునకు బాగుండును గాని పాట పోవును. భయపెట్టి లొంగదీసిన విశ్వాసియు అట్టివాడే. గుడిలో వరుసగా కూర్చుండును. అతని హృదయములో స్తుతి యుండదు.

అందుచేతనే పౌలు, పడినవానిని సాత్వికముతో లేవనెత్తుమనియు, లేవనెత్తువాడు తన అడుగును కూడ చూచుకొనవలెననియు బోధించెను. వాక్యము ఒక పలక, సహవాసము రెండవ పలక. ఒకరి భారము నొకరు మోయుటయే ఆ బరువు. ప్రేమయే ఆ వెచ్చదనము. వీటన్నిటికిని కాలము పట్టును.

కొన్ని రికార్డులు మన చేతిలో చక్కబడవు. వాటిని చేసినవారి యొద్దకే తిరిగి పంపుదుము. అట్లే మనవలన కాని ఆత్మను పారవేయక, ప్రార్థనలో సృష్టికర్త చేతికి అప్పగింతము. చెడిన మట్టిని కుమ్మరి మరల పాత్రగా చేయుటను యిర్మీయా కన్నులార చూచెను గదా!

కనుక పెద్దలారా, తల్లులారా, ఈ సంవత్సరము బాప్తిస్మము పొందినవారి పేళ్లు వ్రాసికొనుడి. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్కరిని చేపట్టి, వారమునకొకమారు వారి గుమ్మము తొక్కుడి. గుడికి రానివాని యింటికి మొదట వెళ్లుడి.

ప్రభువు మనకు అట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.