నవ్వని ముఖం వెనుక

“నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్నారు మన పెద్దలు. మరి నోరూ ముఖమూ తన మాట వినని మనిషి పట్ల ఊరు ఎలా నడుచుకోవాలి? పండుగకు నలుగురం కలిసే వేళ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ వివరించిన వ్యాధికి తరువాత ఆయన పేరే పెట్టారు. ఆయుర్వేదం చెప్పే కంపవాతం దీనికి దగ్గరిది. పేరు వినగానే మనకు వణికే చేతులే గుర్తొస్తాయి. కాని మెదడులో డోపమిన్ తగ్గితే ముఖ కండరాల కదలిక కూడా తగ్గుతుంది. లోపల సంతోషం ఉన్నా చిరునవ్వు పైకి రాదు. గొంతు సన్నబడుతుంది, ఆ సంగతి చాలాసార్లు మాట్లాడేవారికే తెలియదు. జవాబు ఆలస్యమవుతుంది. ఆలోగా మనం వేరే మాటలోకి వెళ్ళిపోతాం.

1774లో మన నేవన్‌లోనే పుట్టిన ఫ్రాన్సిస్ బోఫోర్ట్, కంటికి కనబడని గాలి బలాన్ని ఓడ తెరచాపల తీరునుబట్టి అంచనా వేసే పద్ధతిని 1805లో రూపొందించాడు. ఎదుటివారి మనసునూ మనం అలాగే ముఖాన్నిబట్టి కొలుస్తాం. ఈ వ్యాధిలో ఆ కొలత తప్పుతుంది. పిల్లల దగ్గరకు వచ్చిన పెద్దాయన పలకరిస్తే నవ్వకపోతే “గర్వం” అనుకుంటాం. ఇండియాలో ఉన్న నాన్నగారు వీడియో కాల్‌లో ఉలకకపోతే “కోపం వచ్చింది” అనుకుని ఫోన్లు తగ్గిస్తాం. ఆయన్ని అడగవలసినవి అమ్మను అడుగుతాం. ఆవిడ ప్రేమతోనే జవాబు చెబుతుంది. కాని ఆయన మాట్లాడే అవకాశం అలా కొంచెం కొంచెంగా పోతుంది.

పలకరింపు ఇచ్చిపుచ్చుకునే బేరమా? గుడిలో మూలవిరాట్టు బదులు పలకలేదని మనం దండం పెట్టడం మానుకోము. లోపల వినేవాడున్నాడన్న నమ్మకం చాలు మనకు. తోటి మనిషి మీద ఆ మాత్రం నమ్మకం ఉంచలేమా?

చేయవలసింది పెద్దదేమీ కాదు. హాలులో మైకు మోతకు దూరంగా ఎదురుగా కూర్చోండి. ఒక్కసారి ఒక్క ప్రశ్నే అడగండి. వాక్యం మీరు పూర్తి చేయకండి. గొంతు పెంచి మాట్లాడడం నేర్పే స్పీచ్ థెరపిస్టులున్నారు. ఈ వ్యాధితోపాటు దిగులు జబ్బు కూడా రావచ్చు కనుక, మనిషి మరీ ముడుచుకుపోతుంటే డాక్టరుకు చెప్పండి.

ఈ విజయదశమికి జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి నమస్కరించినప్పుడు, వారి దీవెన పూర్తయ్యేదాకా వంగే ఉందాం. వినబడకపోతే ఇంకొంచెం దగ్గరకు వంగుదాం.