సేతుధర్మము – గోదావరీ తీరము

లంకకు పోదలచిన శ్రీరామచంద్రుడు సాగరతీరమున దర్భలపై మూడు రాత్రులు శయనించి సముద్రుని ప్రార్థించెను. సముద్రుడు రాలేదు. విల్లెక్కుపెట్టిన పిదపనే వచ్చి, పంచభూతములు తమ స్వభావమును వీడజాలవనియు, నలుడు కట్టు సేతువును మాత్రము తాను ధరింపగలననియు విన్నవించుకొనెను. పారాయణ చేయువారిలో పెక్కుమంది ఇచట రామబాణ మహిమను కొనియాడి ముందునకు సాగుదురు. సముద్రుని మాటలోని రహస్యము అంతకంటె లోతైనది. నీరు తన గుణమును మార్చుకొనదు. దాని గుణమెరిగి కట్టుట కట్టువాని ధర్మము.

సేతువనగా వారధియే కాదు, గట్టు అనియు అర్థము కలదు. భద్రాచలమున గోదావరి ఒడ్డునగల కరకట్ట అట్టి సేతువే. 1986 ఆగస్టులో అచట నీటిమట్టము 75.6 అడుగులకు చేరి పురవీథులు మునిగినవి. కట్ట అటుపిమ్మట వచ్చినది. 2022 జూలైలో మరల 71.3 అడుగుల వరద వచ్చినపుడు పట్టణమునకు అడ్డుగా నిలిచినది ఆ కట్టయే. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురన్నచో ఆ ఉధృతి ఊహింపవచ్చును. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతులు వచ్చి కలియును. దిగువన కూనవరము వద్ద శబరి పొంగినచో గోదావరి నీరు వెనుకకు తన్నును. భూమి వేడెక్కిన కొలది మేఘము మరింత తేమను మోయును గనుక ఇట్టి కుండపోతలకు ఇకపై సిద్ధముగనే ఉండవలెను.

కట్ట కట్టినంతనే పని తీరదు. నది పొంగినపుడు తూముల తలుపులు మూయవలెను. మూసినచో ఊరిలో కురిసిన వానకు దారి లేదు, మోటార్లతో ఎత్తిపోయవలెను. తలుపు సరిగా బిగియకున్నను, కాలువ పూడినను, భద్రగిరిపై స్వామికి భయము లేదు గాని, పడమటి మెట్ల వద్దను అన్నదాన సత్రము చుట్టును నీరు నిలుచును. ఇటీవలి వర్షములలో ఇది పలుమార్లు జరిగినది. వృద్ధులు, పసిబిడ్డలతో వచ్చినవారు ఆ నీటిలోనే నడువవలసివచ్చును.

స్నానానంతరము విడిచిన వస్త్రము, పూజాద్రవ్యముల ప్లాస్టిక్ సంచి, కొబ్బరిపీచు – వీనిని కాలువలో వేసి నదికి సమర్పించితిమనుకొనుట ఏ శాస్త్రము? ఉడుత కథ వాల్మీకమున లేదు, లోకము చెప్పుకొన్నది. ఆ ఉడుతయైనను సేతువునకు ఇసుక తెచ్చినదే గాని చెత్త తేలేదు.

ముక్కోటి ఏకాదశికి ముందునాటి సాయంకాలము స్వామి హంసవాహనారూఢుడై ఈ గోదావరిలోనే తెప్పపై విహరించును. వానకారున తూము తలుపులను తాకి ఘోషించిన నీరు ఆనాటికి తేటపడి, దీపకాంతులతో ఆ తెప్పను మోయుచుండును.