అయిదో ఛాన్సు

ఎవరో చేసిన పొరపాటు వల్ల మనకు లాభం కలిగితే ఆ లాభం ఎవరిది? చూడటానికి చిన్న ప్రశ్నే. కిరాణా కొట్లో చిల్లర ఇస్తూ కొట్టాయన వందనోటు బదులు అయిదువందల నోటు ఇచ్చాడనుకోండి. "తిరిగి ఇచ్చెయ్యాలి" అని అందరం ముక్తకంఠంతో అంటాం. ఇచ్చేవాళ్ళెందరన్నది వేరే సంగతి లెండి, అనడం మాత్రం అంటాం. అదే పొరపాటు ఆటలో అంపైరు చేస్తే? "మనమేం చేశాం? తప్పు ఆయనది, గెలుపు మనది" అని చేతులు దులుపుకుంటాం. కొట్లో ఉన్న నీతి గ్రౌండులోకి వచ్చేసరికి ఎందుకు మారిపోతుంది?

ఈ ప్రశ్నకు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో రెండు జవాబులున్నాయి. రెండూ ఒకే రకం పొరపాటుకు వచ్చినవే కావడం విశేషం.

వాళ్ళ ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. కాలితో పని బహు తక్కువ. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ఛాన్సులు. లేకపోతే బంతి ఎదుటివాళ్ళ పాలు. క్రికెట్లో ఓవరుకి ఆరు బంతులెలాగో, అక్కడ నాలుగు ఛాన్సులు అలాగ. ఎన్నో ఛాన్సు నడుస్తోందో అందరికీ కనిపించేలా గీత పక్కన ఒకాయన అంకె ఉన్న కర్ర పట్టుకుని నిలబడతాడు.

1990లో కొలరాడో యూనివర్సిటీ జట్టు సీజనంతా కత్తి అంచు మీదే నడిచింది. టెనెసీతో మొదటి మ్యాచి 31-31 సమానం. స్టాన్‌ఫర్డ్ మీద 21-17తో ఆఖరి క్షణాల్లో గట్టెక్కింది. ఇల్లినాయ్ చేతిలో 23-22తో, ఒక్క పాయింటు తేడాలో ఓడింది. తర్వాత అక్టోబరు 6న మిస్సోరీ యూనివర్సిటీ వాళ్ళ మైదానంలో ఆడింది. ఆట ముగియవస్తోంది. మిస్సోరీ 31-27తో ముందుంది. కొలరాడో గోలు గీతకు మూడు గజాల దాకా వచ్చేసింది. గీత దాటడానికి నాలుగు ఛాన్సులున్నాయి.

మొదటి ఛాన్సులో బంతిని నేలకు కొట్టారు. అలా కొడితే గడియారం ఆగుతుంది, కాని ఒక ఛాన్సు ఖర్చవుతుంది. రెండో ఛాన్సులో గజం దూరంలో ఆగిపోయారు. సరిగ్గా ఇక్కడే కర్ర మీద అంకె మార్చడం మరిచిపోయారు. మూడో ఛాన్సు జరుగుతూంటే కర్ర మీద ఇంకా "2" అనే ఉంది. అదీ దక్కలేదు. నాలుగోసారి, అంటే కర్ర లెక్కన మూడోసారి, మళ్ళీ బంతిని నేలకు కొట్టి గడియారం ఆపారు. రెండు సెకన్లు మిగిలాయి. న్యాయానికి బంతి మిస్సోరీకి పోవాలి. కాని అయిదో ఛాన్సు ఇచ్చారు. ఆ అయిదో ఛాన్సులో గీత దాటి 33-31తో గెలిచారు. అధికారులను తర్వాత సస్పెండ్ చేశారు గాని ఫలితం చెక్కుచెదరలేదు.

ఇక రెండో కథ అంతకు యాభై ఏళ్ళ ముందుది. 1940 నవంబరు 16న కార్నెల్ యూనివర్సిటీ, డార్ట్‌మత్ కాలేజీ ఆడాయి. పద్ధెనిమిది మ్యాచిలుగా ఓటమి ఎరగని జట్టు కార్నెల్. ఆఖరి క్షణాల్లో 3-0తో వెనకబడి ఉండగా రెఫరీ లెక్క తప్పి అయిదో ఛాన్సు ఇచ్చాడు. దాంతో కార్నెల్ 7-3తో గెలిచింది. తర్వాత ఫిల్ము వేసి చూసుకుంటే తేలింది. రెఫరీ తప్పు ఒప్పుకున్నాడు. కార్నెల్ వాళ్ళు "ఈ గెలుపు మాది కాదు" అని డార్ట్‌మత్‌కు టెలిగ్రాం కొట్టారు. ఈనాటికీ రికార్డుల్లో ఆ మ్యాచి స్కోరు డార్ట్‌మత్ 3, కార్నెల్ 0.

"కొలరాడో వాళ్ళూ అలాగే చెయ్యాల్సింది" అని తేల్చెయ్యడం సులువు. కాని వాళ్ళ వాదనలోనూ పస ఉంది. కర్ర మీద "3" చూసి, ఇంకోటి ఉందన్న నమ్మకంతోనే కదా బంతిని నేలకు కొట్టింది? అదే ఆఖరి ఛాన్సని తెలిస్తే కొట్టేవారా? గీత దాటే ప్రయత్నమే చేసేవారు. దాటేవారో, దాటేవారు కాదో దేవుడికే ఎరుక. ఆ కర్ర మిస్సోరీని ముంచినట్లే కొలరాడోనూ తప్పుదారి పట్టించింది.

నాకు తోచేదేమంటే, ఈ వాదన "మేం ఓడిపోయినట్లు కాదు" అన్నంతవరకే పనికొస్తుంది. "మేం గెలిచాం" అనడానికి చాలదు. గెలుపును తిరిగివ్వడమంటే నేను నీకంటే తక్కువవాణ్ణని ఒప్పుకోవడం కాదు. ఇది నాదని గట్టిగా చెప్పలేను గనక ఉంచుకోను, అనడం. అంతే.

"మాకూ ఎన్నోసార్లు అన్యాయం జరిగింది, అక్కడికీ అక్కడికీ చెల్లు" అనే వాళ్ళూ ఉంటారు. పక్కింటాయన నా బాకీ ఎగ్గొడితే ఎదురింటాయన దగ్గర వసూలు చెయ్యొచ్చా? ఇల్లినాయ్ దగ్గర పోయిన పాయింటు మిస్సోరీ జేబులో లేదు కదా.

అలాగని అంపైరు ప్రతి నిర్ణయాన్నీ తిరగదోడితే ఆట సాగదు. 1991 జనవరి 1న ఆరెంజ్ బౌల్ మ్యాచిలో ఇదే కొలరాడో 10-9తో నోటర్ డామ్ మీద ఆధిక్యంలో ఉండగా, చివరి నిమిషంలో నోటర్ డామ్ ఆటగాడు రాకెట్ ఇస్మాయిల్ తొంభై గజాలకు పైగా పరుగెత్తి గీత దాటేశాడు. అతని జట్టువాడొకడు ఎదుటివాణ్ణి వెనకనుంచి అడ్డుకున్నాడని అధికారి ఆ పరుగును కొట్టేశాడు. కొలరాడో గెలిచింది. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ తగువులాడుతూనే ఉంటారు. కాని అది ఒక మనిషి కంటికి తోచిన తీర్పు. దానికి తలవంచుతామని ఒప్పుకునే ఆటలో దిగుతాం. అయిదో ఛాన్సు తీర్పు కాదు, కూడిక. నాలుగు తర్వాత అయిదు వస్తుందనడానికి ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు.

ఆ ఏడు పత్రికలవాళ్ళ ఓట్లతో కొలరాడో జాతీయ ఛాంపియన్ అయింది. కోచ్‌ల ఓట్లలో ఒకే ఒక్క పాయింటు తేడాతో జార్జియా టెక్‌కు దక్కింది. మిస్సోరీ మ్యాచి వదులుకుని ఉంటే ఆ ఒక్కటీ దక్కేది కాదేమో. కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్నీ ఆనాడు మైదానం జారుడుగా ఉందని తిట్టాడు. చిత్రమేమంటే ఆయన చదువుకునే రోజుల్లో ఆడింది మిస్సోరీ జట్టుకే. 1998లో ఆ గెలుపు విషయంలో పశ్చాత్తాపపడుతున్నానని చెప్పాడు. ఎనిమిదేళ్ళు పట్టింది. కార్నెల్‌కు పట్టింది కొద్ది రోజులే.

మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే, పేపరు దిద్దినాయన వ్యాసానికి ఎన్ని మార్కులు వేశాడన్నది ఆయన తీర్పు. వేసిన మార్కులు కూడటం మాత్రం లెక్క. అందుకే పరీక్షల వాళ్ళు రీకౌంటింగ్ అని విడిగా పెట్టారు. ఏటా ఫలితాలు రాగానే ఎంతోమంది తల్లిదండ్రులు ఫీజు కట్టి దరఖాస్తు చేస్తారు. "మావాడికి కూడికలో ఎక్కువ పడ్డాయేమో, చూసి తగ్గించండి" అని ఫీజు కట్టిన తండ్రిని నేనింతవరకు చూడలేదు. కార్నెల్ వాళ్ళు చేసింది సరిగ్గా అదే.