నా పాత ఫోను నాకు చాలు



2024 చలికాలంలో రౌస్ హిల్ టౌన్ సెంటర్‌లోని ఫోన్ల షాపు దాకా వెళ్ళి, లోపల అడుగు పెట్టకుండానే రెండుసార్లు తిరిగి వచ్చాను. ఇండియా వెళ్ళినప్పుడు కొన్న నా ఫోనుకు అప్పటికి ఎనిమిదేళ్ళు. అద్దం ఒక మూల పగిలింది, సాయంత్రానికి చార్జింగ్ అయిపోతుంది. అయినా వాట్సాప్ వస్తుంది, బైబిలు తెరుచుకుంటుంది. ఇంకేం కావాలి? పైగా నేను ధరను డాలర్లలో చూసి రూపాయల్లో భయపడే మనిషిని.

ఫెలోషిప్‌లో ఎవరైనా నవ్వితే ఒక జవాబు సిద్ధంగా ఉండేది. అరణ్యంలో నలభై ఏళ్ళు ఇశ్రాయేలీయుల బట్టలు పాడవలేదు కదా (ద్వితీయోపదేశకాండము 8:4), నా ఫోను ఎనిమిదేళ్ళకే ఎలా పాతదవుతుంది అనేవాణ్ణి.

నా వెనుకాడటానికి మంచి కారణాలూ ఉన్నాయి. ఫోను బ్యాటరీలో వాడే కోబాల్టులో ఎక్కువ భాగం కాంగో దేశపు గనుల నుండి వస్తుంది. అక్కడ చేతులతో తవ్వే గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారని 2016లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక ఇచ్చింది. పనివారి కూలి దేవుని చెవికి మొరపెడుతుందని యాకోబు రాసిన మాట (5:4) నమ్మేవాళ్ళం, ఏటా సరదాకి ఫోను మార్చగలమా?

ఆ రోజుల్లోనే 3జీ మూసివేత కబురు వచ్చింది. వోడాఫోన్ అప్పటికే ఆపేసింది. టెల్‌స్ట్రా, ఆప్టస్ అక్టోబరు 28 నుండి ఆపడం మొదలుపెట్టాయి. కొన్ని పాత ఫోన్లు 4జీలో ఇంటర్నెట్ చక్కగా ఇచ్చినా, అత్యవసరంగా 000కి చేసే కాల్ మాత్రం 3జీ మీదనే వెళ్ళేది. అటువంటి ఫోన్లకు ఇక సర్వీసు ఉండదన్నారు. నాదీ అటువంటిదే. అయినా “గడువు దాకా చూద్దాంలే” అన్నాను.

నా భార్య నర్సు. ఆ రాత్రి డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. మా అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది, ఆమెకు బీపీ. “ఏమండీ, ఫోను మీకు సరిపోతోంది, సరే. అర్ధరాత్రి అత్తయ్యకు ఏమైనా అయితే దీంతో ఎవరిని పిలుస్తారు?”

నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ దాన్ని సంతృప్తి అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో సగం గర్వం. కొత్త ఫోను తెచ్చిన తమ్ముణ్ణి చూసి లోలోపల “నేను అటువంటివాణ్ణి కాను” అనుకునేవాణ్ణి. దేవాలయంలో నిలబడిన పరిసయ్యుని ప్రార్థనకూ (లూకా 18) దీనికీ తేడా ఏముంది?

మన్నా సంగతి మళ్ళీ చదివాను. మనిషికి ఒక ఓమెరు చొప్పున కూర్చుకోమన్నాడు దేవుడు. అయితే ఎవరి లెక్కన? కూర్చేవాడి ఆకలి లెక్కన కాదు, అతని గుడారంలో ఉన్నవారి లెక్కన (నిర్గమకాండము 16:16). “నాకు చాలు” అన్నవాడు గుడారంలో తల్లి ఉందని మరచిపోతే, అతను మితంగా ఉన్నట్టు కాదు, తక్కువ కూర్చినట్టు. ఇంటివారి పేరు చెప్పి అన్నిటికంటే ఖరీదైనది కొంటే, అది మరునాటికి దాచుకున్న మన్నా వంటిదే. కొలత రెండువైపులా ఆపుతుంది.

మూడోసారి షాపులోకి వెళ్ళాను. 000కి కాల్ వెళ్ళే ఫోన్లలో తక్కువ ధరది అడిగి తీసుకున్నాను. పాతదాన్ని మొబైల్‌మస్టర్ రీసైక్లింగ్ పెట్టెలో వేశాను.

ఇంటికొచ్చి అమ్మకు నేర్పించాను: “మన ఊళ్ళో 108 ఉంది కదా, ఇక్కడ మూడు సున్నాలు. నీకోసమే కొన్నానమ్మా.”

అమ్మ నవ్వింది. “నాకోసమేనా? నీకేమైనా అయితే నేను ఎవర్ని పిలవాలి నాయనా?”

గుడారం లెక్కలో నేనూ ఒకణ్ణేనని అప్పుడు గుర్తొచ్చింది. మనకెంత చాలునో మన ఇంటివారితో కలిసి లెక్కించే జ్ఞానం ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.